పాత ముక్కల బొమ్మలు – ఇంటిల్లిపాది వినోదం
(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సభలలో విద్యాప్రాశస్త్యాన్ని గూర్చి, మాతృభాషా మాధుర్యాన్ని గూర్చి ప్రసంగించడం పరిపాటి. ఆ రెండు విషయాలనూ ఈ వేదికపైనుండి పెద్దలు ఇదివరకే సవిస్తరంగా ముచ్చటించారు. ఈ ప్రసంగం ఒక చిన్న వస్తువును గురించినది. పాత సామాను అంగడిలో దుమ్ముపట్టి పడివుండే ఒక అట్టపెట్టె. దానిలో కొన్ని వందల ముక్కలు. వాటిని ఓపికతో కూర్చితే ఒక బొమ్మ. ఇంగ్లీషువారు జిగ్‌సా పజిల్ అని పిలిచే ఈ ఆటవస్తువును కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు ఇళ్లలోని పిల్లలు కూడా పజిల్ అనే అంటారు. పీలమేడులోని ఒక ఇంటి అవ్వ మాత్రం దానికి 'ముక్కల బొమ్మ' అని పేరు పెట్టింది. వినగానే అర్థమయ్యే పేరు గనుక ఇక్కడ అదే వాడుకోవడం సుఖం.

ఈ వస్తువు మొదట వినోదం కోసం పుట్టలేదు, పాఠం కోసం పుట్టింది. 1760ల దశకంలో లండన్ నగరంలో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల చిత్రకారుడు దేశపటాన్ని పలుచని చెక్కపై అంటించి, రాజ్యాల సరిహద్దుల వెంబడి సన్నరంపంతో కోసి, భూగోళ పాఠానికి ఉపకరణంగా విక్రయించాడు. 1766లో వెలువడిన ఐరోపా రాజ్యాల పటం వాటిలో ప్రసిద్ధమైనది. మూడవ జార్జి రాజుగారి పిల్లల సంరక్షకురాలైన లేడీ షార్లెట్ ఫించ్ ఇట్టి పటాలతోనే రాజకుమారులకు భూగోళం నేర్పించింది. ఆ కాలపు ముక్కలలో చాలావాటికి నేటివలె ఒకదానినొకటి పట్టుకొనే కొక్కెములు లేవు. బల్లకు చేయి తగిలితే రాజ్యాలు చెల్లాచెదరయ్యేవి.

ఈ బొమ్మలు సామాన్యుల ఇళ్లకు చేరింది కష్టకాలంలోనే. అమెరికా దేశంలో ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న 1932, 1933 సంవత్సరాలలో, అట్టతో అచ్చుకొట్టిన చౌక బొమ్మలు వార్తాపత్రికల దుకాణాలలో వారం వారం వెలువడేవి. 1933 తొలినాళ్లలో వారానికి కోటి పెట్టెల దాకా అమ్ముడుపోయినట్లు చరిత్రకారులు వ్రాశారు. కొనలేనివారికి గ్రంథాలయాలు, మందుల దుకాణాలు అద్దెకిచ్చేవి. అదే 1933లో ఇంగ్లండులో ఏర్పడిన ముక్కల బొమ్మల గ్రంథాలయం చెక్క బొమ్మలను సభ్యులకు ఎరువిస్తూ వచ్చింది. ఆ పెట్టెలపై బొమ్మ ఉండదు. ఏమి కూర్చుతున్నారో కూర్చినవారికి చివరన గాని తెలియదు. ఒకరి చేతినుండి మరొకరి చేతికి పోవడం ఈ ఆటకు కొత్త సంగతి కాదని చెప్పడానికే ఇదంతా. పాతది కొనడం లేమికి చిహ్నమని భావించే తల్లిదండ్రులు కొందరున్నారు. పాఠ్యపుస్తకాన్ని పై తరగతి పిల్లల వద్ద కొని చదివినవారే ఈ సభలో అధిక సంఖ్యాకులు కదా.

పీలమేడు కుటుంబానికి ఈ అలవాటు 2020 మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ విధించిన దినాలలో అబ్బినది. ఇంట్లో తాత, అవ్వ, కొడుకు, కోడలు, మనుమరాలు. తాత ఒక నూలు మిల్లులో వడ్రంగి విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. అవ్వ పుట్టినిల్లు మదురై జిల్లా తిరుమంగళం వద్ద ఒక పల్లె. వారి కూతురిని ఇచ్చింది మదురై పట్టణంలోనే. అమెరికాలో ఉద్యోగం చేసే బంధువులు సెలవులకు వచ్చినప్పుడు వదిలిపోయిన రెండు పెట్టెలు అటకమీద ఉండేవి. బయటికి వెళ్లే వీలులేని ఆ దినాలలో అవి క్రిందికి దిగాయి. ఆంక్షలు సడలిన తరువాత ఉక్కడం పాత పుస్తకాల అంగళ్లలోనూ, బంధువుల ఇళ్లలోనూ వెదికి మరికొన్ని తెచ్చుకున్నారు. ఒక పెట్టె పూర్తికాగానే మదురైకి పోతుంది. అక్కడిది ఇక్కడికి వస్తుంది. రెండు ఊళ్ల నడుమ 200 కిలోమీటర్లకు పైగా దూరం. పెళ్లికో, పొంగలికో, తిరునాళ్లకో వెళ్లేవారి సంచిలో బట్టల అడుగున ఒక పెట్టె ఉండడం వారికి మామూలైపోయింది.

పాత పెట్టెను పరీక్షించే విధానమొకటి ఈ ఇంట్లో క్రమంగా ఏర్పడింది. అది ఏ పుస్తకంలోనూ చదివినది కాదు, దెబ్బతిని నేర్చుకున్నది. మొదట మూత తీసి వాసన చూస్తారు. ముక్కవాసన వస్తే పెట్టెలో చెమ్మ చేరిందన్నమాట. చెమ్మ తగిలిన అట్ట ఉబ్బుతుంది. పైనున్న బొమ్మకాగితం అంచున లేస్తుంది. ఉబ్బిన ముక్క తన గూటిలో తాను దిగదు. అట్టివాటిని నీడలో వార్తాపత్రికపై పరచి ఆరబెట్టాలి గాని ఎండలో వేయరాదు. ఎండకు రంగు వెలిసిపోతుంది, అట్ట వంకర తిరుగుతుంది. రామబాణం పురుగు తిన్న జాడ ఉన్నదేమో చూస్తారు. అట్టలోని జిగురు ఆ పురుగుకు పరమాన్నం. తాటాకు గ్రంథాలకు పూర్వులు చేసినట్లే అవ్వ ఎండిన వేపాకును గుడ్డలో మూటకట్టి పెట్టెలో ఉంచుతుంది.

తరువాతిది లెక్క. ఇక్కడ ఒక చమత్కారమున్నది. పెట్టెపై 500 అని అచ్చువేసినంతమాత్రాన లోపల సరిగా 500 ఉండవలెనన్న నియమం లేదు. అడ్డంగా 27, నిలువుగా 19 వరుసలుగా కోసిన బొమ్మలో 513 ముక్కలుంటాయి. వెయ్యి అని వ్రాసినచోట 38, 27 వరుసలుంటే 1026 అవుతాయి. మరి ఎన్ని ఉండాలో తెలిసేదెట్లా? ముందుగా తిన్నని అంచుగల ముక్కలన్నీ ఏరి చట్రం కూర్చాలి. 27, 19 వరుసల బొమ్మకు చట్రంలో 88 ముక్కలు రావాలి. మూలలు నాలుగూ రెండు వైపుల లెక్కలోకి వస్తాయి గనుక మొత్తంలోనుండి నాలుగు తగ్గించాలి. చట్రం పూర్తయితే పొడవును వెడల్పుతో గుణించి మొత్తం చెప్పవచ్చు. ఆపైన ముక్కలను పదేసి చొప్పున కుప్పలు పెట్టి ఎంచితే లోటెంతో బొమ్మ కూర్చకముందే తెలిసిపోతుంది. నాలుగవ తరగతి పిల్లకు చుట్టుకొలత, వైశాల్యం అనే రెండు పాఠాలూ ఇంతకంటె సులభంగా చెప్పే ఉపకరణం ఏ శిక్షణ కళాశాలలోనూ ఉండదు. నల్లబల్లపై ఎన్నిసార్లు చెప్పినా 'మూలను రెండుసార్లు ఎంచరాదు' అన్న మాట కొందరికి తలకెక్కదు. చేతిలో మూలముక్క ఉన్నవారికి అది చెప్పనక్కరలేదు. అయితే వంకర టింకరగా, వరుసలు లేకుండా కోసిన బొమ్మలకు ఈ లెక్క పనికిరాదు. తూకం వేసి చూద్దామని తాత ఒకసారి కిరాణా అంగడి త్రాసు తెచ్చాడు. చిన్న అట్టముక్క బరువు గ్రాముకు లోపే; ఒక్క ముక్క లోటును ఆ త్రాసు పట్టలేకపోయింది.

లెక్కను నమ్మి ఈ కుటుంబం ఒకసారి మాట పోగొట్టుకున్నది. గాలిమర, దాని ముందు పూలతోట ఉన్న బొమ్మ అది. మనుమరాలు చట్రం కూర్చింది, గుణించింది, ఎంచింది. 513 రావలసినచోట 513 వచ్చాయి. పరీక్షలు దగ్గరపడడంతో పూర్తిగా కూర్చే తీరిక లేక, మూతపై 'అన్నీ ఉన్నవి' అని వ్రాసి మదురైకి పంపింది. అక్కడ మేనత్త ఇంట్లో నాలుగు రాత్రులు కూర్చున్నారు. అయిదవనాడు ఆకాశంలో ఒక రంధ్రం మిగిలింది, చేతిలో ఒక నీలిముక్క మిగిలింది. ఆ ముక్క ఆ రంధ్రానికి పట్టలేదు. ఎప్పుడో ఎవరి ఇంట్లోనో మరొక పెట్టెలోని ముక్క ఇందులో వచ్చి పడింది. లెక్క సరిపోయింది, బొమ్మ సరిపోలేదు. బావ ఫోనులో ఆ సంగతి చెప్పి నవ్వాడే గాని, పదేళ్ల పిల్లకు ఆ నవ్వు మూడు దినాలు మింగుడుపడలేదు. తాను అబద్ధం చెప్పలేదు, చెప్పినది నిజమూ కాలేదు. ఈ రెంటికీ నడుమ ఉన్న తేడా పిల్లలకు విప్పిచెప్పడం ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసు.

ఆనాటినుండి వారింట రెండు మాటలు వాడుకలోకి వచ్చాయి: 'ఎంచినది', 'కూర్చినది'. ఎంచినది అంటే లెక్కమాత్రం చూశామని. కూర్చినది అంటే చివరి ముక్క దాకా పెట్టి కంటితో చూశామని. మూత లోపలి వైపున తేదీ, కూర్చినవారి పేర్లు, లోటు ఉంటే ఎన్ని, బొమ్మలో ఏ భాగాన అన్నది వ్రాస్తారు. కూర్చకుండా 'కూర్చినది' అని వ్రాసే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు, తాతకు కూడా.

ఈ మూతవ్రాతలోనే మరొక వింత జరిగింది. మదురై బావ చదివేది తమిళ మాధ్యమంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరాలు రావు. అటువంటివారు తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాసుకోవడం ఈ ప్రాంతాలలో తరతరాలుగా ఉన్నదే. గాలిమర పెట్టె తిరిగి పీలమేడుకు పంపుతూ, బొమ్మ గుర్తుకోసం అతడు పెట్టెపై 'గాలి' అని తమిళ లిపిలో వ్రాశాడు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరమొకటే. తమిళంలో 'కాలి' అంటే ఏమీ లేనిదని అర్థం; తెలుగువారి ఖాళీయే అది. రెండు మాటలకూ వ్రాత ఒక్కటే. ఇంటి కోడలు చూసి, ఖాళీ పెట్టె కాబోలని, చక్కగా దారం కట్టివున్న దానిని విప్పకుండానే అటక ఎక్కించింది. రెండు నెలల తరువాత 'బొమ్మ ఎట్లున్నది?' అని మదురైనుండి అడిగినప్పుడు గాని ఎవరికీ తెలియలేదు. అందరూ కడుపుబ్బ నవ్వారు. ఆ వేసవి సెలవులలో బావ కోయంబత్తూరు వచ్చి, మరదలి ముందు కూర్చుని, మొట్టమొదట నేర్చిన తెలుగు అక్షరం 'గ'. అచ్చులన్నీ దాటివేసి హల్లులలో మూడవదానితో అక్షరాభ్యాసం చేసిన విద్యార్థి ఈ పాఠశాల డెబ్బైఅయిదేళ్ల చరిత్రలో మరొకరు ఉన్నట్లు లేదు. అతడు ఈ పాఠశాల విద్యార్థి కానే కాడు.

బల్లచుట్టూ జరిగే సంభాషణను గూర్చి కూడా ఒక మాట. ముక్క వెదికేవారు దాన్ని వర్ణించి అడగాలి. 'అది' అంటే చాలదు. రెండు కొమ్ములున్నది, ఒక వైపు గుంట ఉన్నది, అంచున కొంచెం ఇటుకరంగు తగిలినది అని చెప్పాలి. అవ్వ నోట ఊదా, కావిరంగు, బూడిదరంగు, చిలకపచ్చ, పసరుపచ్చ, ఆవపువ్వు రంగు అని వస్తుంటే, పిల్లకు అన్నీ 'గ్రీన్', 'ఎల్లో' మాత్రమే. కొన్ని నెలలకు పిల్ల నోట కూడా ఆ మాటలు దొర్లసాగాయి, ఎవరూ నేర్పకుండా. ఈ ఆటవలన పిల్లల మెదడు ఇన్నింతలు పెరుగుతుందని కొత్త పెట్టెలపై అచ్చువేస్తారు. ఆ ప్రకటనలను పట్టించుకోనవసరం లేదు. ఒక బల్లచుట్టూ అయిదుగురు గంటసేపు తలలు వంచి మాట్లాడుకుంటారు, అంతవరకు నిజం. చివరి ముక్కను పెద్దవారు తీసి పెట్టరాదు. పూర్తయిన బొమ్మకు జిగురు పూసి గోడకు వేలాడదీయడం కొన్ని ఇళ్లలో ఉన్నది; అది పుస్తకం చదివిన తరువాత పుటలన్నీ కలిపి అంటించడం వంటిది.

ఇక అసలు చెప్పవలసిన పెట్టె. అది చెక్కతో చేసిన భారతదేశ పటం. ఉక్కడం అంగడిలో పాత ప్రశ్నపత్రాల కట్టల క్రింద దొరికింది. పలక వంటి చట్రం, దానిలో రాష్ట్రానికొక ముక్క. తయారుచేసినవారి పేరు చెరిగిపోయింది, సంవత్సరం ఎక్కడా లేదు. ఇంటికి తెచ్చి కూర్చితే రెండు లోట్లు కనిపించాయి. కేరళ ఉండవలసినచోట రంధ్రమున్నది. సిక్కిం అనే ముక్కే లేదు. పాఠంలో సిక్కిం ఒక రాష్ట్రమని చదువుకున్న పిల్ల మూత లోపల వెంటనే వ్రాసింది: 'కూర్చినది. కేరళ లోటు. సిక్కిం లోటు.'

తండ్రి ఆ వ్రాత చూసి, ముక్కలమీది పేర్లు మళ్లీ చదవమన్నాడు. తమిళనాడు అని ఉన్నది. మద్రాసు రాష్ట్రానికి ఆ పేరు అమలులోకి వచ్చింది 1969 జనవరి 14న. కనుక పటం అంతకు ముందుది కాదు. పక్కనే మైసూరు అని ఉన్నది. అది కర్ణాటక అయినది 1973 నవంబరు 1న. ఈశాన్య మూలన నేఫా అని ఉన్నది. అది అరుణాచల ప్రదేశ్‌గా మారింది 1972 జనవరిలో. మొదటి పేరు చెప్పే సంగతి ఖాయం. రాని పేరును ఎవరూ ముందుగా అచ్చువేయరు. రెండవ వైపు అంత ఖాయం కాదు, పాత అచ్చు చేతిలో ఉన్న తయారీదారు కొన్నేళ్లు దానినే వాడి ఉండవచ్చు. ఏమైనా పటం గీసిన కాలం 1969కీ 1972కీ నడుమ అని తేలింది. సిక్కిం భారతదేశంలో రాష్ట్రమైనది 1975లో. పలకను వెలుతురులో పరికించి చూస్తే నేపాలు, భూటానులతోపాటు సిక్కిం కూడా చట్రంమీదనే రంగుతో వేసి ఉన్నది. దానిని ముక్కగా కోయనే లేదు. లేనిదని వ్రాసినది, ఎన్నడూ ఉండనిది. పిల్ల మూడవ వాక్యాన్ని అడ్డగీతతో కొట్టివేసింది. తుడిచివేయవద్దని తాత చెప్పాడు.

కేరళ మాత్రం నిజంగానే పోయింది. దానిని తాత తయారుచేశాడు. చట్రంలో మిగతా ముక్కలన్నీ పెట్టి, రంధ్రంమీద పలుచని కాగితం పరచి, పెన్సిలు మొన పక్కగా రుద్దితే అంచు ఆకారం కాగితంమీదికి దిగింది. ఆ కాగితాన్ని అదే మందంగల ప్లైవుడ్ ముక్కపై అంటించి, సన్నరంపంతో గీత బయటినుండి కోసి, ఉప్పుకాగితంతో కొంచెం కొంచెంగా అరగదీశాడు. గీతమీదనే కోస్తే రంపం తిన్న మేర ముక్క వదులవుతుంది. బిగువుగా ఉన్నదాన్ని అరగదీయవచ్చు, వదులైనదాన్ని పెంచలేము. అట్టబొమ్మలకైతే ఇంత శ్రమ లేదు. సరిపడిన మందం అట్ట, కత్తెర, రంగుపెన్సిళ్లు చాలు. రంగు వేసేటప్పుడు మనుమరాలు పాతరంగుకు సరిపోయేట్లు కలపబోయింది. తాత ఒప్పుకోలేదు. కొత్తముక్క కొత్తదని చూసినవారికి తెలియాలని, పక్కవాటికంటె ఒక చాయ లేతగా వేయించాడు. మిల్లులో యంత్రభాగాలకు నమూనాలు చేసిన చేయి అది, మరమ్మతును దాచడం ఆయనకు గిట్టదు.

ఆ సాయంకాలం పటం నిండుగా కూర్చి ఉండగా పిల్ల అడిగింది:

"అవ్వా, తెలుగోళ్ల ముక్క ఆంధ్రా గదా. మనమెందుకు ఈ ముక్కలో ఉండాము?"

ఈ ప్రశ్న ఈ పాఠశాలలో చదివిన ప్రతి బిడ్డా ఏదో ఒకనాడు ఎవరినో ఒకరిని అడిగినదే. కోడలు వెంటనే అందుకున్నది: "అదే నేనూ అడుగుతుండాను. ఈ ముక్కలో ఉండి ఆ మాటలో చదువు దేనికి?" అప్పటికే ఇంట్లో ఆ చర్చ నడుస్తున్నది. అయిదవ తరగతి పూర్తికాగానే పిల్లను ఇంగ్లీషు మాధ్యమంలో చేర్చాలని తల్లి పట్టుదల. కన్నబిడ్డ భవిష్యత్తును గూర్చిన ఆ బెంగను తేలికగా తీసివేయడం ఎవరికీ తగదు.

తండ్రి చరిత్ర చెప్పాడు. 1953 అక్టోబరు 1 దాకా ఆంధ్రజిల్లాలూ, కోయంబత్తూరూ, మదురై అన్నీ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవని. ఆనాడు ఆంధ్రరాష్ట్రం వేరుపడిందని. 1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఈ పటంలో కనిపించే ముక్క ఏర్పడిందని. ఆ ముక్క కూడా 2014 జూన్ 2న రెండైందని. భాషను బట్టి సరిహద్దులు గీసినప్పుడు గీతకు అటూ ఇటూ మిగిలిపోయినవారు అన్ని భాషలలోనూ ఉన్నారని. అవ్వ అంతసేపు విని, తమిళనాడు ముక్కను చేతిలోకి తీసుకున్నది.

"ఈ ముక్క కోసింది నిన్న మొన్న. మనోళ్లు వచ్చి ఈ నేలలో బావులు తవ్వి ఎన్ని తరాలైందో లెక్క లేదు బిడ్డా. రంపం మన మీద పడలేదు, మన పక్కన పడింది."

అవ్వ చరిత్ర గ్రంథాలు చదవలేదు గాని ఆ మాటలో పొరపాటు లేదు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మొదలైన మదురై నాయకుల పాలన 1736 దాకా సాగింది. విజయనగర కాలంలోనూ, ఆ నాయకరాజుల కాలంలోనూ సైనికులుగా, సేద్యగాళ్లుగా, నేతగాళ్లుగా, వర్తకులుగా దక్షిణానికి వచ్చి నల్లరేగడి పొలాలలో, నేతపేటలలో స్థిరపడిన తెలుగువారి సంతతే ఈ రెండు పట్టణాల చుట్టుపక్కల నేటికీ ఉన్నది. 1636లో తిరుమల నాయకుడు కట్టించిన మహలు మదురైలో నేటికీ నిలిచి ఉన్నది. కోవిల్‌పట్టి సమీపాన ఇడైసెవల్ గ్రామంలో జన్మించిన కి. రాజనారాయణన్ ఈ వలసకథను 'గోపల్ల గ్రామం' అనే నవలగా 1976లో వెలువరించాడు. వ్రాసింది తమిళంలో, దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. కోయంబత్తూరు పక్కన కలంగల్‌లో 1893లో జన్మించిన జి.డి. నాయుడు యంత్రాలతో చేసిన అద్భుతాలు ఇక్కడి పిల్లలకు చెప్పనక్కరలేదు. ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాలకు ఏటేటా వెళ్తూనే ఉన్నారు.

పిల్లకు అవ్వ మాటతో పూర్తిగా తృప్తి కలగలేదు. "అయితే పటంలో మనం కనపడం గదా" అన్నది. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. పిల్ల తమిళనాడు ముక్కను తీసుకొని, పెన్సిలుతో పడమటి అంచున కోయంబత్తూరుకు ఒక చుక్క, దిగువన మదురైకి ఒక చుక్క పెట్టింది. మొదటి చుక్క అంచుకు ఎంత దగ్గరగా వచ్చిందంటే, ముక్కను గూటిలో దించినప్పుడు తాత చేసిన కొత్త కేరళ దానిని దాదాపు తాకింది. పాలక్కాడు ఇక్కడికి యాభై కిలోమీటర్లే.

మరుసటి జూన్‌లో ఆ పిల్లను ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలో చేర్చారు. ఉత్సవ సభలో ఈ మాట చెప్పడం కొందరికి రుచించకపోవచ్చు. అయినా ప్రేమతో ఆలోచించి చేసిన నిర్ణయం అది. అటువంటి నిర్ణయాలు ఏటా జరుగుతున్నాయి. తరగతి గదులలో మునుపటి సందడి లేదన్న సంగతి పూర్వ విద్యార్థులు ఈ ఉదయం స్వయంగా చూశారు. ఇంటిలో మాత్రం శనివారం రాత్రులు బల్ల పరుస్తూనే ఉన్నారు. మదురైనుండి వచ్చే పెట్టెల మూతలపై ఇప్పుడు తెలుగు అక్షరాలే ఉంటాయి. 'ఖ'కూ 'గ'కూ తేడా స్పష్టంగా, అవసరమైనదానికంటె కొంచెం పెద్దగానే వ్రాస్తాడు బావ. క్రొత్త బడిలో మరదలికి తెలుగు పాఠం లేదు. ఆమె తెలుగు వ్రాసేది ప్రస్తుతం ఆ మూతలమీద మాత్రమే.

ఈ విషయమై తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఇళ్లలో అటకలమీద ఇట్టి పెట్టెలున్నవారు పాఠశాల గ్రంథాలయానికి పంపవచ్చు. చిరిగిన పెట్టె అయినా, లోటున్న పెట్టె అయినా అభ్యంతరం లేదు. ముక్కలను గట్టి సంచిలో వేసి మూతి కట్టి పంపాలి. అట్టపెట్టె మూలలు ప్రయాణంలో చిట్లుతాయి. రెండు బొమ్మల ముక్కలు కలిసిపోతే వేరుచేయడం కష్టం గనుక, పంపేముందు ప్రతి ముక్క వెనుక పెన్సిలుతో ఒక గుర్తు పెట్టడం మేలు. మూతమీద 'ఎంచినది' అనో 'కూర్చినది' అనో వ్రాయండి. రెండూ చేయనివారు ఏమీ వ్రాయకుండా పంపినా చాలు, ఇక్కడి పిల్లలు చూసుకుంటారు.

గ్రంథాలయంలో కిటికీ పక్కనున్న బల్లమీద చెక్కపటం ఒకటి ఇప్పటికే ఉన్నది. బడి మారిన రోజున ఆ పిల్ల తెచ్చి ఇచ్చిపోయినది అదే. మధ్యాహ్న విరామంలో మూడవ తరగతి పిల్లలు దానిని కూర్చుతుంటారు. చుక్కలు రెండూ కొంచెం మాసినా కనబడుతున్నాయి. మూత లోపల ఇట్లున్నది: 'కూర్చినది. కేరళ లోటు.' దాని పక్కన కొట్టివేసిన వాక్యం. దాని క్రింద వేరొక సిరాతో: 'కేరళ తాత చేసినాడు. కొత్తది.'